తొమ్మిదీ నలభై లోకల్

మా ఇల్లు బోరబండ పట్టాల పక్కనే.
రైలొస్తుందని ముందుగాల గ్లాసులకు తెలుస్తది.
అర మీద స్టీలు గ్లాసులు
చలికి పండ్లు కొట్టుకున్నట్టు కొట్టుకుంటయి,
తర్వాత కిటికీ, తర్వాత మంచం,
ఆఖరికి మాకు.

మార్చిల రైళ్లు బందయినయి.
“పీడ వోయింది, టీవీ మాటలన్న ఇనవడుతున్నయి”
అన్నది అమ్మ.
తేజుగాడు ఏమనలే.

పదిహేడేండ్లోడు. ఇంటర్ రెండో ఏడు.
నాయిన ఫోన్ల క్లాసులు.
ఫంక్షన్ హాల్ల గుండిగలు బోర్లించొచ్చిన నాయిన
ఎవరన్న వంటకు పిలుస్తరేమోనని
లెక్కల నడుమ ఫోను గుంజుకునేటోడు.
తెర మీద వాడొక నల్ల డబ్బ,
డబ్బ నడుమ ఒక తెల్ల అక్షరం.
సారు పేరు పిలిస్తె “ఎస్ సార్” అని
మళ్ల నల్లగయ్యేటోడు.
ఫోను ఇచ్చేసినంక గూడ
వాడు ఆ డబ్బలనే ఉండిపోయిండని
దసరా దాక మాకెవ్వరికీ తెల్వలే.

అన్నం సగమాయె. మాట అంతకన్న తక్కువాయె.
పగలు దుప్పటి, రాత్రి కండ్లు.
“ఒళ్లు బరువెక్కింది” అన్నడు నాయిన.
“దిష్టి” అని అమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిల వేస్తే
ఇంటిల్లిపాది దగ్గినం.
ఆ దగ్గుకు పక్కింటోళ్లు
పదిరోజులు తలుపు తియ్యలే.

ఒకనాడు రాత్రి రెండింటికి
మంచంల వాడు లేడు.
డాబా మీద పిట్టగోడెక్కి కూసున్నడు,
కాళ్లు పట్టాల దిక్కు.
పక్కన కూసొని అంగీ కొస పట్టుకున్న,
పట్టుకున్నట్టు తెల్వకుంట.
చానసేపటికి అన్నడు:
“అక్కా, ఆఖరి బండి పోతే
రోజు అయిపాయె అనిపిస్తుండె.
ఇప్పుడు అయిపోతలేదు.”
“ఏంది?”
“రోజు.”

డిగ్రీ చదివిన. జవాబు దొరకలే.

మర్నాడు రాత్రి లైట్లు తీసినంక
గడియారం చూసుకొని, తొమ్మిదీ నలభైకి,
అర మీద చెయ్యేసి మెల్లగ ఊపిన.
గ్లాసులు మోగినయి.
దూరం నుంచి దగ్గరికి, దగ్గర నుంచి దూరం.
చీకట్ల ఎవ్వరూ ఏమనలే.
మంచం మాత్రం కిర్రుమన్నది,
వాడు పక్కకు తిరిగిండు.

అట్ల పదకొండు రాత్రులు.
పన్నెండో రాత్రి నాకు కన్నంటుకున్నది.
“లేటా?” అని ఇనవడ్డది,
నాలుగు రోజుల్ల వాని మొదటి మాట.
“లింగంపల్లి కాడ సిగ్నల్ వడలే” అన్న,
కింద వడుతూ మీద వడుతూ అర దిక్కు ఉరుకుతూ.

గ్లాసులూపితే నయమైతదని
అనుకునేంత పిచ్చిదాన్ని గాను.
పిచ్చి అంటే యాదికొచ్చింది,
మా బస్తీల తిట్టు ఎర్రగడ్డ.
ఎర్రగడ్డ కేసు, ఎర్రగడ్డకు తోలుత.
క్యారమ్స్ల ఓడినప్పుడు
వాన్నే అన్న నేను, ఎన్నోసార్లు.
ఆ తిట్టుకు గేటుంటదని, చెట్లుంటయని,
చీటీ రాసే కౌంటరుంటదని
నడిచిపోతె గని తెల్వలే.
లైన్ల అంత వాని ఈడోళ్లే.
ఒక పిల్ల మాస్కు లోపల
ఏందో లెక్కవెట్టుకుంటున్నది,
పెదవులు కదిలినప్పుడల్ల బట్ట కదిలింది.

“నిద్ర పడుతుందా?” అడిగింది డాక్టరమ్మ.
వాడు నా దిక్కు చూసి,
“రైలొస్తే పడతది మేడమ్” అన్నడు.
రైళ్లు లేవు గదా అనలే ఆమె.
చీటీ మీద ఏందో రాసుకున్నది.
నాయినకు ఏమని చెప్పాల్నో
ఇంటిదాక ఇద్దరం మాట్లాడుకుంట వచ్చినం.
మాట్లాడుకుంట అంటే, నిజంగనే,
వాడు గూడ.

తర్వాతి ఏడు జూన్ల ఒకనాడు
నేను చపాతీ పిండి కలుపుతున్న.
గ్లాసులు మోగినయి.
తేజుగాడు ముందు నా చేతులు చూసిండు,
మోచేతుల దాక పిండి.
తర్వాత అర దిక్కు చూసిండు.
కిటికీ వణికింది, మంచం వణికింది.

“ఇది నువ్వు గాదు గదా?”

గోలీలు ఇంక ఆరు నెలలేసుకోవాలె.
కొన్ని రాత్రులు ఇప్పటికీ అన్నం సగమే.
బండి లేటయిన రాత్రి
నా చెయ్యి దానంతటదే అర మీదికి పోతది.
అక్కడ ఒక్కోసారి
వాని చెయ్యి ఉంటది ముందే.